తుపాకి శిల్పి పాల్ మౌజర్

వేటకై ప్రత్యేకముగా తుపాకి చేయించుకొను జాణ మొదట గొట్టము నునుపును గాని, కొయ్యపిడి నగిషీని గాని చూడడు. తూటాను లోనికి నెట్టి, తలుపునకు గడియవలె వెనుకనుండి బిగించి, పేల్చి, కాలిన తొడుగును వెలికి లాగు యంత్రమును చూచును. దానినే యాక్షన్ అందురు. గొట్టము అరిగినచో మార్చవచ్చును. పిడి విరిగినచో క్రొత్తది అమర్చవచ్చును. యాక్షన్ వీగినచో పోవునది పేల్చినవాని కన్ను, ఒక్కొక్కప్పుడు ప్రాణము. ఈ సత్యమును జీవితాంతము మరువని శిల్పి పాల్ మౌజర్.

అతడు 1838లో జర్మనీదేశమున, వుర్టెంబర్గు రాజ్యమునందలి ఓబెర్న్‌డార్ఫ్ పట్టణములో జన్మించెను. పదుముగ్గురు బిడ్డలలో కడగొట్టువాడు. తండ్రి రాజుగారి తుపాకుల కర్మాగారములో పనివాడు. పాల్ కూడ చిన్ననాటనే అచట చేరి ఆకురాయి పట్టెను.

ఆనాడు ప్రష్యా సైన్యమునకు డ్రైజే నిర్మించిన సూదితుపాకి ఉండెను. వెనుకనుండి తూటా పెట్టు వీలు దానిలో గొప్పదే. కాని పేల్చినపుడు వేడివాయువు సందులనుండి చిమ్మి ముఖమునకు తగులుచుండెను. ఈ లోపమును సరిదిద్ద పాల్ పూనుకొనెను. అన్న విల్హెల్ము వ్యవహారభారము వహించెను. 1871లో వారి తుపాకిని జర్మనులు స్వీకరించిరి. కొలదియేండ్లలో తండ్రి పనిచేసిన కర్మాగారమే వారి పాలికి వచ్చెను. 1882లో విల్హెల్ము మరణించినను పాల్ పని విడువలేదు.

ఆ కృషికి పరిపాకము 1898 నాటి నమూనా. గడియ ముందున్న రెండు పళ్ళు గాడులలో బిగిసి పేలుడు తాకిడిని భరించును. అవి విరిగినను గడియ వెనుకకు దూసికొని రాకుండ మూడవ పన్ను కాచుకొనియుండును. తూటా తొడుగు పగిలినచో, వాయువు ముఖమునకు రాక దారి మళ్ళుటకు రంధ్రములు కలవు. పొడవైన కొక్కెమొకటి తూటా అంచును పట్టి, కాలిన తొడుగు వెలుపల పడువరకు విడువదు.

విధి విచిత్రము! 1901లో తనంత తానే తూటా నింపుకొను మరియొక తుపాకిని పరీక్షించుచుండగా ప్రమాదము జరిగి మౌజర్ కన్ను ఒకటి పోయెను. పరుల కన్నులకు కావలి కట్టినవాడు తన కన్ను కోల్పోయెను.

లండనులోని రిగ్బీ సంస్థ మౌజర్ యాక్షన్‌పై వేటతుపాకులు కట్టుచుండెను. 1907లో చంపావతు నరభక్షకియైన ఆడపులిని కూల్చి కుమావూను ప్రజల భయము బాపిన జిమ్ కార్బెట్టునకు బహుమానముగా లభించినది అట్టిదే.

1914 మే 29న మౌజర్ కన్నుమూసెను. సుమారు రెండు నెలలకు మొదటి ప్రపంచయుద్ధము చెలరేగెను. జర్మను సైనికుల చేతులలో అతని తుపాకులే మ్రోగెను. తుపాకి వెనుకనున్నవానిని కాపాడుటకు అతడు మూడవ పన్ను అమర్చగలిగెను. ఎదుటివానిని కాపాడు సాధనము మాత్రము ఏ యంత్రమునను ఇమడదు. అది తుపాకి పట్టినవాని మనస్సులోనే ఉండవలెను.