నీటికి కావలి నేర్పిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

చెఱువు నిండిన రాత్రి మదుముకడ లాంతరు పట్టుకొని తెల్లవాఱువఱకు కూర్చుండిన రైతుబిడ్డలు మన పాఠశాలలో ననేకులు గలరు. నీరు చాలనియెడల పైరు ఎండును. మించినయెడల గట్టు తెగును. ఈ రెంటి నడుమ కాపరి కన్ను మూయరాదు. అట్టి కావలిపనిని నీటిచేతనే చేయించిన యొక మహనీయుని చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాను.

విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మైసూరు సంస్థానములోని ముద్దేనహళ్ళి గ్రామమున జన్మించిరి. వారి పూర్వులు మన ఆంధ్రదేశమున బేస్తవారిపేట చేరువనున్న మోక్షగుండమునుండి వలసపోయినవారు. ఆ యూరి పేరే యింటిపేరైనది. చిన్ననాడే తండ్రి గతించెను. బెంగుళూరిలో పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనుచు చదివి, 1881లో బి.ఏ. పట్టమును, పూనాలో 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథమస్థానమును పొందిరి. మఱుసటి యేట బొంబాయి ప్రభుత్వమువారి కొలువున చేరిరి.

తొలిదినములలో వారికి అప్పగింపబడిన పని ధూళియా ప్రాంతమున పాంఝరానదిపాయను దాటించి నీటిని గొనిపోవు గొట్టపు సైఫను. వానకాలము వచ్చెను. వరద ఒండ్రును తెచ్చి త్రవ్వినచోటనే పోయుచుండెను. వానలు వెలిసినపిదప పని సాగింతునని యా యువకుడు పైయధికారికి వ్రాసికొనెను. అధికారి దానిని అలసత్వముగా నెంచి యప్రసన్నుడయ్యెను. చదువు ముగించి యింకను రెండేండ్లు నిండని యుద్యోగి యేమి చేయవలెను? విశ్వేశ్వరయ్యగారు మాఱు వాదింపక మరల నేటిలోనికి దిగి, ఆ వానలలోనే పని ముగించిరి. నాకు తోచినంతవఱకు వారి మొదటి విన్నపము అవివేకమైనది కాదు. అయినను చేసి చూపుటయే వారి ప్రత్యుత్తరమయ్యెను.

ఈ గొట్టమును సైఫను అని పిలిచినను, నది క్రిందుగా దిగి ఆవలిగట్టున నెక్కునట్టిది తలక్రిందులైన సైఫను. అందు నీరు తన బరువుచేతనే నడచును. దాని శత్రువు అడుగున పేరుకొను ఒండ్రు. నిజమైన సైఫను గట్టు మీదుగా నెక్కి దిగును. దాని శత్రువు గాలి. మా తరగతిగదిలో చేపల గాజుతొట్టియు, ప్రక్కన కొంచెము దిగువగా నాచు పెంచు చిన్నతొట్టియు గలవు. పెద్దతొట్టిలో మించిన నీరు వంపుగొట్టముగుండ చిన్నదానిలోనికి దిగును. అచట శుద్ధియైన నీటిని చిన్న మోటారు పైకి పంపును. గొట్టమును నీట ముంచి నిండించి, రెండు కొనలను బొటనవ్రేళ్ళతో మూసి యమర్చినగాని ప్రవాహము మొదలుకాదు. కొనలు రెండును గిన్నెలలోని నీట మునిగియుండినచో మోటారు ఆగినప్పుడును గొట్టము నిండియే నిలుచును. కాని ప్రవాహము మందగించినయెడల బుడగలు వంపునందు చేరి నీటిత్రాటిని తెంపివేయును. ఒక సెలవునాడు నేను గొట్టమును చూడక పోయితిని. సైఫను తెగెను, మోటారు ఆగలేదు, మఱునాటికి నేలయంతయు జలమయము.

ఇట్టి యాపదయే పెద్దయెత్తున పూనాకు చేరువ ముఠానదిమీది ఖడక్‌వాస్లా జలాశయమునకు కలదు. వరదలలో నీరు అలుగు మీదుగా పొర్లి వృథాయగుచుండెను. గట్టును పెంచుటకు వ్యయము విశేషము. అలుగునకు తలుపులు పెట్టినచో, అర్ధరాత్రి వరద వచ్చునప్పుడు వానిని తెఱచువాడెవడు? విశ్వేశ్వరయ్యగారు తమంతట తెఱచుకొని, నీరు తగ్గినపిదప తమంతట మూసికొను తలుపులను కల్పించి 1903లో అచట నెలకొల్పిరి. అలుగుపైన సుమారు ఎనిమిది అడుగుల నీరు నిలువగలిగెను. ఇదియే తరువాత గ్వాలియరున టిగ్రా ఆనకట్టకును, మైసూరున కావేరిమీది కృష్ణరాజసాగరమునకును అమరెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. నిజాము ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఎగువనున్న చెఱువులు రెండువందలకు పైగా తెగి, ఒకదాని నీరు మఱియొకదానిపై బడి, అన్నియు నగరముమీదికి వచ్చినవని తేలెను. ఒక్క మదుముకడ ఒక్క కాపరి యెంత మేల్కొనియున్నను ఇట్టిదానిని ఆపజాలడు. నగరమునకు ఎగువను మూసీ, ఈసీనదులపై వరదను పట్టి మెల్లగా విడుచు జలాశయములు కట్టవలెనని వారు సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి.

వారు 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానులైరి, 1955లో భారతరత్నమైరి, 1962 ఏప్రిలులో, నూఱేండ్లు నిండినపిదప, బెంగుళూరిలో దివంగతులైరి. వారి జన్మదినము ఇంజనీర్ల దినముగా నడుచుచున్నది. ఆ దినముననే మా తరగతివారు తొట్టిగొట్టమును విప్పి, లోపలి పాచిని కుంచెతో తోమి, మరల నీరు నింపి బిగింతురు.