ఆరు చుక్కలు – పది చుక్కలు

లూయీ బ్రెయిలీ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడనే నా నమ్మకం. అంధులకు ఆరు చుక్కల లిపి ఇచ్చిన మహానుభావుడని చిన్నప్పుడే చదువుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం, అంతటితో మరచిపోయాం. ఆయన చేసిన పని మరొకటి ఉంది. కంప్యూటరుతో చదువుకునే అంధ విద్యార్థులను చూసినప్పుడల్లా నాకు ఆ రెండో పనే గుర్తుకొస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

1809 జనవరి 4న పారిస్‌కు తూర్పున కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ళ పసివాడు తోలుకు బెజ్జాలు పొడిచే ఆరెతో ఆడుకుంటూ కంట్లో పొడుచుకున్నాడు. గాయం చీము పట్టి రెండో కంటికీ పాకింది. ఐదేళ్ళు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. అయినా తల్లిదండ్రులు మూలన కూర్చోబెట్టక ఊరి బడికే పంపారు. పదేళ్ళకు పారిస్‌లోని అంధబాలల పాఠశాలలో చేరాడు.

అక్కడి పుస్తకాలు ఉబ్బెత్తు అక్షరాలవి. ఒక్కొక్కటీ మోయలేనంత బరువు. పైగా చదవడమే గాని, ఆ పద్ధతిలో పిల్లలు సొంతంగా రాసుకోవడం కుదరదు. 1821లో బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి ఆ బడికి తెచ్చాడు. పన్నెండు చుక్కలు వేలికొన కింద ఇమడవు గదా! బ్రెయిలీ వాటిని ఆరుకు దించాడు. ఏ చుక్క లేపాలి, ఏది వదలాలి అని లెక్కగడితే ఖాళీ గడితో కలిపి 64 రూపాలు. కంప్యూటర్ సైన్సు మిత్రులు దీన్నే ఆరు బిట్లు అంటారు. 1824 నాటికి, అంటే పదిహేనేళ్ళకే, లిపి సిద్ధమైంది. 1829లో అచ్చయింది.

చూపున్న పెద్దలకు అది నచ్చలేదు. 1840లలో అదే బడిలో ఆ లిపిని నిషేధించారు కూడా. పిల్లలు చాటుమాటుగా రాసుకుంటూనే ఉన్నారు.

ఇక రెండో పని. ఆరు చుక్కల్లో రాసిన ఉత్తరాన్ని చూపున్న ఇంటివాళ్ళు చదవలేరు. మరి అంధుడు అంధులతోనే మాట్లాడుకోవాలా? బ్రెయిలీకి ఈ ప్రశ్న తోచింది. 1839లో చుక్కల్ని పేర్చి మామూలు అక్షరాల ఆకారాన్నే దించే పద్ధతి ప్రకటించాడు, ఎత్తుకు పది చుక్కలు. చేతితో చేస్తే బహు ఆలస్యం. ఫూకో అనే మరో అంధ మిత్రుడు దానికొక యంత్రం కట్టాడు. మన ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి కరకరలాడిన డాట్ మాట్రిక్స్ ప్రింటరు కూడా చుక్కలతోనే అక్షరం కట్టింది!

పాఠాలు చెబుతూ, చర్చిల్లో ఆర్గన్ వాయిస్తూ, క్షయతో కృశించి 1852 జనవరి 6న కన్నుమూశాడు. వయసు 43. ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో.

మనకు 1951లో భారతీ బ్రెయిలీ వచ్చింది. అందులో మన ‘అ’ ఒక్క చుక్క. గుణింతాలూ ఒత్తులూ కిందామీదా ఉండవు, అన్నీ ఒకే వరుస. తర్వాత తెరమీది మాటను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2006లో ఆస్ట్రేలియాలో ఒక అంధ యువకుడు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగూ పలుకుతుంది.

2016 చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు. సరే, దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చిన అంధ విద్యార్థికి సీటు దొరికింది. నోట్సు మాట? జిరాక్సును ఫోటో తీసి పంపితే ఆ సాఫ్ట్‌వేరు నోరెత్తదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల గుర్తులు. చదివించి చూడండి, పిచ్చి కూతలు వినపడతాయి. యూనికోడ్‌లో ఉంటేనే తెలుగు తెలుగుగా పలుకుతుంది. పరీక్షలోనేమో జవాబు తెలిసినా, రాసిపెట్టే మనిషి కోసం వెతుక్కోవాలి. రాసేవాడికి ఒత్తులు రాకపోతే ఆ మార్కులు పోయేది చెప్పినవాడికే.

ఈ వ్యాసాన్ని యూనికోడ్‌లోనే కొట్టి సంపాదక మిత్రులకిచ్చాను. అచ్చుకు పోయేటప్పుడు ఏ ఫాంటులోకి మారుతుందో ప్రెస్సువారి దయ! అసలు ఫైలు నా దగ్గరుంది, అడిగినవారికి ఇస్తాను.