తల్లి కోసం ఒక పండు

మంత్రగత్తెల కథలు విశ్వాసుల పిల్లలకెందుకని మమ్మల్ని అడిగే పెద్దలున్నారు. వారికి సి.ఎస్. లూయిస్ గారి జీవితం చెబుతుంటాం.

1898లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. 9 ఏళ్లప్పుడు తల్లికి క్యాన్సర్ వచ్చింది. బాగుచేయమని దేవుణ్ణి వేడుకున్నారు, ఆమె బ్రతకలేదు. బడి రోజుల్లోనే విశ్వాసం వదిలేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడిగా ఉండగా, 1931లో తిరిగి క్రీస్తును నమ్మారు.

1950 నుంచి ఏడు నార్నియా నవలలు వచ్చాయి. ఆరోదానిలో (మాకు అదే ఇష్టం) డిగరీ అనే బాలుడి తల్లి మరణపడక మీద ఉంటుంది. అస్లాన్ అనే సింహం అతనితో కలిసి కన్నీరు పెడుతుంది. స్వస్థపరిచే పండు దొంగిలించి తల్లికి పెట్టమని మంత్రగత్తె శోధిస్తుంది. లొంగడు. చివరికి సింహమే పండు ఇస్తుంది, తల్లి బ్రతుకుతుంది.

పిల్లలు ఆ పేజీ తిప్పేసి ముందుకెళ్తారు. తల్లిని సమాధి చేసి వచ్చిన పెద్దలు అక్కడే ఆగిపోతారు. 1955లో అది అచ్చయ్యేనాటికి లూయిస్ గారికి 56 ఏళ్లు.