రామప్ప గుడికి పుస్తకం రాసిన డైరెక్టరు – గులాం యజ్దానీ

పాలంపేట రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అంతకు తొంభై తొమ్మిది ఏళ్ల ముందే, 1922లో, పాలంపేట గుళ్ల మీద ఒక ప్రత్యేక గ్రంథం అచ్చయింది. దాన్ని రాసినవారు గులాం యజ్దానీ. హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖకు ఆయన తొలి డైరెక్టరు. 1914 నుంచి 1943 వరకు, దాదాపు మూడు దశాబ్దాలు ఆ శాఖను నడిపారు. చరిత్ర చదివినవారికి బాగా తెలిసిన పేరే అయినా, గుడి చుట్టుపక్కల గ్రామాల్లో ఆయన మాట వినబడేది తక్కువ. మన ప్రాంతపు రాళ్ల కోసం పనిచేసిన ఆ పెద్దమనిషి జీవితం మన గ్రామస్థులు తెలుసుకోదగినది.

ఢిల్లీ నుంచి దక్కనుకు

యజ్దానీ 1885లో ఢిల్లీలో జన్మించారు. అక్కడి సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో చదివారు. అరబీ, పారశీక భాషల్లో పండితుడై, కొంతకాలం కాలేజీ అధ్యాపకుడిగా పనిచేశారు. మసీదుల మీద, సమాధుల మీద, కోట గుమ్మాల మీద చెక్కిన పారశీక శాసనాలను చదివి ప్రకటించే పనిలో ఆయనకు మంచి పేరు వచ్చింది.

1914లో నిజాం ప్రభుత్వం తన సంస్థానంలో పురావస్తు శాఖను నెలకొల్పింది. ఇందుకు పట్టుదలగా కృషి చేసినవారిలో ఆనాటి ఉన్నతాధికారి అక్బర్ హైదరీ ముఖ్యులు. భారత పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ సలహా మీద ఆ శాఖను యజ్దానీకి అప్పగించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై తొమ్మిదేళ్లు.

ఆ రోజుల్లో సంస్థానం చాలా పెద్దది. అజంతా, ఎల్లోరా గుహలు, బీదరు కోట, ఓరుగల్లు కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప, గోలకొండ అన్నీ ఒక్క శాఖ కిందికే వచ్చాయి. ఎక్కడ ఏమున్నదో తెలుసుకోవడం, జాబితా రాయడం, చెట్టూ పుట్టా కొట్టించడం, కూలబోయే గోడలకు ఊతం ఇవ్వడం, ఫోటోలు తీయించడం, శాసనాల అచ్చులు తీయించడం ఆ శాఖ పనులు. శాసనం అచ్చు తీయాలంటే ముందు రాతిని శుభ్రంగా కడగాలి. దాని మీద తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేటట్టు కుంచెతో కొట్టాలి. ఆ పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా, మిగతా భాగం నల్లగా వస్తుంది. తరువాత రాయి పగిలినా, ఎవరైనా ఎత్తుకుపోయినా, అందులోని మాట మాత్రం నిలుస్తుంది.

మస్కి బండ మీద అశోకుడి పేరు

శాఖ ఏర్పడిన మరుసటి ఏడే, 1915లో, ఒక గొప్ప విశేషం బయటపడింది. రాయచూరు జిల్లా మస్కి దగ్గర, బంగారు గనుల కోసం తిరుగుతున్న బీడన్ అనే ఇంజనీరుకు ఒక బండ మీద పాత అక్షరాలు కనిపించాయి. అది అశోక చక్రవర్తి శాసనమని తేలింది. అంతవరకు దొరికిన శాసనాల్లో ఆ చక్రవర్తి బిరుదులే తప్ప అశోకుడనే పేరు లేదు. మస్కి బండ మీద ఆ పేరు స్పష్టంగా ఉన్నది. ఆ శాసనాలన్నీ వేయించినది అశోకుడేనన్న మాటకు గట్టి సాక్ష్యం అలా దొరికింది.

యజ్దానీ పని తీరు ఇక్కడ గమనించదగ్గది. ఆయన చదువు అరబీ, పారశీకాల్లోది. అందుచేత మస్కి శాసనాన్ని పరిష్కరించే పని హెచ్.కృష్ణశాస్త్రి గారికి అప్పగించారు. అదే శాఖ ప్రచురణల్లో మొదటి పుస్తకమైంది. పాలంపేట శాసనం బార్నెట్ అనే ఇంగ్లీషు పండితుడి చేత పరిష్కరింపజేశారు. తెలంగాణా జిల్లాల శాసనాల పని పి.శ్రీనివాసాచారి గారికి ఇచ్చారు. ఏ భాష శాసనాన్ని ఆ భాష తెలిసినవారి చేతిలో పెట్టి, వారి పేరు మీదనే అచ్చు వేయించారు.

రాకాసి గుళ్ల వద్ద

మన పల్లెల్లో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి, పైన మరో బండ కప్పిన పాత కట్టడాలను రాకాసి గుళ్లని పిలుస్తారు. రాక్షసులు కట్టారని పెద్దలు చెప్పేవారు. అవి రెండు వేల ఏళ్లకు పైబడిన కాలంలో మనుషులు కట్టుకున్న సమాధులు. చచ్చినవారి ఎముకలతో పాటు కుండలు, ఇనుప పనిముట్లు వాటిలో ఉంచేవారు. ఆ కుండల మీద గీసిన గుర్తులను యజ్దానీ సేకరించి, పోల్చి, 1917లో ఒక వ్యాసం ప్రకటించారు. మామూలు మట్టి కుండ మీది గీత కూడా చరిత్రకు పనికివస్తుందని ఆ వ్యాసం చూపింది.

పాలంపేటలో

రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఎర్రని ఇసుక రాతి గోడలు, నున్నగా మెరిసే నల్లరాతి మదనికలు, నీటి మీద తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం ఆ గుడి విశేషాలు. కాకతీయ రాజ్యం పోయిన తరువాత ఆ చోటు అడవి పాలయింది. పునాది కింద నేల కుంగి స్తంభాలు ఒరిగాయి. చెరువు చుట్టూ ఉన్న చిన్న గుళ్లు చాలావరకు శిథిలమైనాయి.

యజ్దానీ ఈ గుళ్లను పరిశీలించి, పటాలు గీయించి, ఫోటోలు తీయించి 1922లో తన గ్రంథాన్ని వెలువరించారు. దాన్ని భారత పురావస్తు శాఖ తన గ్రంథమాలలో ఆరవదిగా అచ్చు వేసింది. దక్కను గుళ్లన్నింటిలో రామప్పకు ఆయన చాలా ఎత్తైన స్థానం ఇచ్చారు. దారి సరిగా లేని కాలంలో, అడవిలో ఉన్న ఒక గుడి సంగతి దేశదేశాల పండితులకు ఆ పుస్తకం ద్వారా చేరింది.

అజంతా పరీక్ష

ఆయనకు అన్నింటికంటే కష్టమైన పని అజంతాలో ఎదురైంది. అక్కడి గుహల గోడల మీద బొమ్మలు మట్టి పూత మీద గీసినవి. వాన నీటి ఊట, గబ్బిలాలు, గుహల్లో వంట చేసుకున్నవారి పొగ, పేర్లు గీకిన యాత్రికులు, ముక్కలు ఊడదీసుకుపోయిన దొరలు, అందరూ కలిసి వాటిని పాడుచేశారు. 1844 నుంచి మేజర్ గిల్ ఏళ్ల తరబడి గీసిన నకళ్లు చాలావరకు 1866లో లండను అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తరువాత గ్రిఫిత్స్ బృందం గీసిన నకళ్లు కూడా అనేకం 1885లో మంటల పాలయ్యాయి. ఇక గోడ మీది బొమ్మను గోడ మీదనే కాపాడాలి.

ఇందుకోసం నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి చెకోనీ, ఒర్సినీ అనే ఇద్దరు నిపుణులను పిలిపించింది. వారు 1920, 1922 మధ్య అక్కడ పనిచేశారు. ఊడిపోతున్న పూతను గోడకు అతికించారు, మసిని తుడిచారు. ఆ పని వల్ల రాలిపోబోయే బొమ్మలెన్నో నిలిచాయి. అయితే వారు పైన పూసిన లక్క వార్నిషు కాలక్రమంలో పసుపుబారి, రంగులను కప్పివేసింది. అంతకు ముందు నకళ్లు గీసినవారు కూడా వార్నిషు పూసే ఉన్నారు. 1953లో గుహలు కేంద్ర పురావస్తు శాఖ చేతికి వచ్చాక, ఆ పూతను తొలగించడానికి రసాయన నిపుణులు దశాబ్దాలు శ్రమించవలసి వచ్చింది.

మంచి మనసుతో చేసిన పని కూడా పాత వస్తువుకు కీడు చేయవచ్చునని అజంతా చెబుతుంది. యజ్దానీ చేసిన మరో పని మాత్రం ఏ లోపమూ లేకుండా నిలిచింది. ఆ బొమ్మలన్నింటికీ రంగుల్లో, నలుపు తెలుపుల్లో ఫోటోలు తీయించి, ఒక్కొక్క బొమ్మలోని కథను వివరిస్తూ నాలుగు భాగాల గ్రంథం రాశారు. మొదటి భాగం 1930లో, రెండవది 1933లో, మూడవది 1946లో, నాలుగవది 1955లో వచ్చాయి. తరువాత రాలిపోయిన భాగం ఒకప్పుడు ఎలా ఉండేదో తెలియాలంటే ఆ పుస్తకం తెరిచి చూడాలి.

బాగే ఆమ్‌లో మ్యూజియం

దొరికిన వస్తువులు కచేరీ బీరువాల్లో ఉంటే జనానికి ఏం లాభం? 1930లో హైదరాబాదు బాగే ఆమ్‌లో, అంటే నేటి పబ్లిక్ గార్డెన్సులో, సంస్థాన మ్యూజియం ఏర్పడింది. యజ్దానీ శాఖ సేకరించిన విగ్రహాలు, నాణేలు, ఆయుధాలు, వ్రాతప్రతులు, అజంతా బొమ్మల నకళ్లు అక్కడికి చేరాయి. పట్నం వెళ్లిన మన పల్లె జనం ముందుగా అడిగే ఈజిప్టు మమ్మీ కూడా నిజాం ఆ మ్యూజియానికి ఇచ్చినదే.

పదవీకాలం చివరలో, 1940 ప్రాంతంలో, మెదకు జిల్లా కొండాపురం దిబ్బను తవ్వించారు. శాతవాహనుల కాలపు పట్టణం ఒకటి బయటపడింది. ఇళ్ల గోడలు, నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు లభించాయి. ఊరివారికి పాటి దిబ్బగా తెలిసిన చోట దాదాపు రెండు వేల ఏళ్ల నాటి బజారు ఉండేదని తేలింది. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో కూడా ఒక మ్యూజియం ఉన్నది.

పదవి ముగిసినా

1943లో యజ్దానీ పదవీ విరమణ చేశారు. పని మాత్రం విరమించలేదు. బీదరు చరిత్ర, కట్టడాల మీద పెద్ద గ్రంథం 1947లో తెచ్చారు. మరుసటి సంవత్సరం సంస్థానం భారతదేశంలో కలిసింది. తనను నియమించిన ప్రభుత్వం పోయినా, అజంతా చివరి భాగాన్ని డెబ్బయ్యవ ఏట పూర్తి చేశారు. 1960లో ఆయన సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర వెలువడింది. అందులో కాకతీయుల అధ్యాయాన్ని నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ గార్లు రాశారు. 1959లో భారత ప్రభుత్వం యజ్దానీకి పద్మభూషణ్ ఇచ్చింది. 1962లో ఆయన మరణించారు.

బౌద్ధుల గుహలు, శైవుల గుళ్లు, సుల్తానుల కోటలు, పేరు తెలియని మనుషుల సమాధులు, అన్నింటినీ ఆయన ఒకే శ్రద్ధతో చూశారు.

మన వంతు

నేటికీ మన పల్లెల్లో గుప్తనిధుల ఆశతో పాత గుళ్లను రాత్రిపూట తవ్వేవారున్నారు. శాసనం ఉన్న రాయిని చాకిరేవు బండగా వేసేవారు, వీరగల్లును గోడలో పెట్టి కట్టేవారు ఉన్నారు. నిధి కోసం తవ్వితే గుడి కూలుతుంది, నిధి మాత్రం దొరకదు. పొలం దున్నేటప్పుడు విగ్రహమో, నాణేల కుండో, రాతల రాయో బయటపడితే కదిలించకుండా తహసీలుదారుకు కబురు చేయాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలపడం విధి. నిజాయితీగా తెలిపినవారికి న్యాయమైన వాటా కూడా ఆ చట్టంలో ఉన్నది.

వస్తువు దొరికిన చోటు, దాని పక్కన ఉన్నవి, దొరికిన లోతు తెలిస్తేనే దానికి చరిత్ర ఉంటుంది. ఢిల్లీ నుంచి వచ్చి, యజ్దానీ ముప్పై ఏళ్ల పాటు మన గడ్డ మీద ఆ వివరాలే రాసిపెట్టారు. ఆ రాళ్ల మధ్యే పుట్టి పెరిగిన మనం కనీసం వాటిని ఉన్నచోట ఉండనిద్దాం.