సొంత పేరు పోగొట్టుకున్న ఇంజినీరు

నాలుగు రింగుల గుర్తున్న కారు మీరు రోడ్డు మీద చూసే ఉంటారు. ఆడి. మీ పిల్లల్ని అడిగితే దాని ధర, టాప్ స్పీడ్ కూడా చెప్పేస్తారు. ఆ పేరుకు అర్థమేమిటో మాత్రం ఒకసారి అడిగి చూడండి. ఆ పేరు పెట్టింది పాఠం చదువుకుంటున్న ఒక స్కూలు పిల్లాడు. ఆ పేరు కోసం తల పట్టుకుని కూర్చున్న పెద్దాయన కథే ఈ నెల మీకు చెబుతున్నాం.

ఆగస్ట్ హోర్ష్ 1868 అక్టోబరు 12న జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున విన్నింగెన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి కమ్మరి. కొడుకు కూడా ముందు ఆ కొలిమిలోనే పని నేర్చుకున్నాడు. పని నేర్చిన కుర్రాళ్లు ఊరూరా తిరుగుతూ అనుభవం సంపాదించడం అక్కడి ఆనవాయితీ కాబట్టి బాల్కన్ దేశాల దాకా వెళ్లొచ్చాడు. ఆ తర్వాతే మిట్‌వైడాలోని టెక్నికల్ కాలేజీలో చేరి ఇంజినీరయ్యారు. మన దగ్గరైతే ఇన్నేళ్ల గ్యాప్ ఏమిటని బంధువులంతా కంగారు పడేవారు. కానీ ఇనుము ఎర్రబడితే ఎలా వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఆయనకు పుస్తకం కంటే ముందే తెలుసు.

1896లో మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ దగ్గర ఉద్యోగం దొరికింది. కారును ప్రపంచానికి పరిచయం చేసిన ఆ బెంజే. అక్కడ మోటారు వాహనాల తయారీ విభాగం బాధ్యత హోర్ష్ చేతికొచ్చింది. మూడేళ్లు పనిచేసి, 1899 నవంబరులో కొలోన్ నగరంలో సొంత కంపెనీ పెట్టారు. దానికి తన పేరే పెట్టుకున్నారు. తర్వాత పెట్టుబడి వెతుక్కుంటూ రైఖెన్‌బాఖ్‌కు, 1904లో జ్వికావ్‌కు మకాం మార్చారు. మంచి నాణ్యత గల ఉక్కుతో గేర్లు చేయించడం, చైన్‌కు బదులు షాఫ్ట్‌తో చక్రాలు తిప్పడం లాంటివి ఆయన పట్టుబట్టి చేసిన పనులు. 1906లో పేరుమోసిన హెర్కోమర్ పోటీలో హోర్ష్ కారు గెలిచింది.

ఇక్కడే చిక్కు మొదలైంది. పెట్టుబడి పెట్టినవాళ్లు వచ్చారంటే కంపెనీలో మాట కూడా వాళ్లదే అవుతుంది. కొత్త సిక్స్ సిలిండర్ కార్లు ఆశించినట్టు రాణించలేదు, లెక్కల దగ్గర గొడవలు పెరిగాయి. 1909లో హోర్ష్ తను పుట్టించిన కంపెనీ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. నెల రోజులు తిరక్క ముందే అదే జ్వికావ్‌లో రెండో కంపెనీ పెట్టి, దానికీ తన పేరే పెట్టారు. పాత కంపెనీ కోర్టుకెక్కింది. హోర్ష్ అనేది రిజిస్టరైన ట్రేడ్‌మార్క్, అది కంపెనీ ఆస్తి అని తీర్పు వచ్చింది. తండ్రి ఇచ్చిన ఇంటిపేరును ఆయన ఇక తన కారు మీద రాసుకోకూడదు! చట్టం ప్రకారం అది సబబే కావచ్చు, కానీ నలభై ఏళ్లు దాటిన ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

కొత్త పేరు కోసం మిత్రుడు ఫ్రాంజ్ ఫికెంట్‌షర్ ఇంట్లో సమావేశమయ్యారు. పెద్దలంతా వాదించుకుంటుంటే ఫ్రాంజ్ గారి అబ్బాయి ఒక మూల కూర్చుని లాటిన్ పాఠం చదువుకుంటున్నాడట. జర్మన్‌లో హోర్ష్ అంటే విను, ఆలకించు అని అర్థం. అదే మాటను లాటిన్‌లో ఆడి అంటారు కదా, ఆ పేరు పెట్టుకోవచ్చుగా అని ఆ పిల్లాడు అడిగాడని హోర్ష్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నారు. మన ఇళ్లలో అయితే పెద్దవాళ్ల మధ్యలో దూరకు అని కసిరేవాళ్లమేమో. అక్కడ అందరూ ఒప్పుకున్నారు. 1910లో ఆ పేరుతో కంపెనీ నిలబడింది. ఆడియో, ఆడిటోరియం, ఆడియన్స్ అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవేనని మీ పిల్లలకు చెప్పండి, మూడు స్పెల్లింగులు ఒకేసారి గుర్తుంటాయి.

ఆడి కార్లు 1912 నుంచి వరుసగా మూడేళ్లు ఆస్ట్రియా ఆల్ప్స్ కొండల పోటీలో సత్తా చాటాయి. యుద్ధం తర్వాత 1920లో హోర్ష్ రోజువారీ నిర్వహణ వదిలి బెర్లిన్ చేరుకున్నారు. 1928లో ఆడిని డీకేడబ్ల్యూ యజమాని రాస్ముసెన్ కొనేశారు. ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చాక 1932లో ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్ కలిసి ఆటో యూనియన్ అయ్యాయి. నాలుగు రింగులంటే ఆ నాలుగు కంపెనీలే. కోర్టు విడదీసిన హోర్ష్, ఆడి పేర్లు ఇరవై రెండేళ్లకు మళ్లీ ఒకే కప్పు కిందికొచ్చాయన్నమాట. ఆ కంపెనీ పర్యవేక్షక మండలిలో హోర్ష్‌కూ చోటిచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జ్వికావ్ సోవియట్ అధీనంలోకి పోయింది. ఆ ఫ్యాక్టరీల్లోనే తర్వాత తూర్పు జర్మనీవారి ట్రాబంట్ కార్లు తయారయ్యాయి. ఆటో యూనియన్ మాత్రం 1949లో పశ్చిమాన ఇంగోల్‌స్టాట్‌లో కొత్తగా మొదలైంది. 1958లో దాన్ని కొన్నదెవరో చూడండి: డైమ్లర్-బెంజ్. హోర్ష్ ఒకప్పుడు జీతానికి పనిచేసిన బెంజ్ గారి వారసులే! వాళ్లు 1960ల మధ్యలో ఫోక్స్‌వ్యాగన్‌కు అమ్మేశారు.

ఇప్పుడు లంబోర్గిని ఆడి కింద ఉంది, ఆడి ఫోక్స్‌వ్యాగన్ కింద ఉంది. ఫోక్స్‌వ్యాగన్‌లో ఎక్కువ ఓట్లు పోర్షె కుటుంబం చేతిలో ఉన్నాయి, పోర్షె కార్ల కంపెనీ మళ్లీ ఫోక్స్‌వ్యాగన్ కిందే ఉంది. వియ్యాలవారి చుట్టరికాలు ఇంతకంటే తేలిక. దూరమెందుకు, మన పెనుకొండలో తయారయ్యే కియా కూడా 1990ల చివర్లో దివాలా తీసి హ్యుందాయ్ గూటికి చేరినదే. షోరూంలో ఎదురెదురుగా పోటీపడే రెండు కార్ల లాభం ఒకే ఇంటికి వెళ్తుండవచ్చు.

హోర్ష్ 1951 ఫిబ్రవరి 3న బవేరియాలోని మ్యూన్‌ష్‌బెర్గ్‌లో, 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి ఆడి పేరుతో కొత్త కార్లు రావడం ఆగిపోయి చాలాకాలమైంది. ఆ పిల్లాడు పెట్టిన పేరు 1965లో మళ్లీ రోడ్డెక్కింది. జ్వికావ్‌లోని పాత ఆడి ఫ్యాక్టరీలో ఇప్పుడొక మ్యూజియం ఉంది. దాని తలుపు మీద పేరు ఆగస్ట్ హోర్ష్.