గాల్వా: ఇరవై ఏళ్ల జీవితం

పదో తరగతిలో మనం వర్గ సమీకరణాలు చేస్తాం. గుణకాలు తెలిస్తే చాలు, ఒక్క సూత్రంతో మూలాలు వచ్చేస్తాయి. మూడో ఘాతం, నాలుగో ఘాతం ఉన్న సమీకరణాలకు కూడా 16వ శతాబ్దంలో ఇటలీ గణితజ్ఞులు సూత్రాలు కనిపెట్టారు. ఐదో ఘాతం దగ్గర అందరూ ఆగిపోయారు. దానికి అన్నిచోట్లా పనికొచ్చే అలాంటి సూత్రం ఉండదని 1824లో నార్వే యువకుడు ఆబెల్ నిరూపించాడు. మరి ఏ సమీకరణానికి సూత్రం కుదురుతుంది, దేనికి కుదరదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఎవరిస్ట్ గాల్వా.

గాల్వా 1811 అక్టోబరు 25న పారిస్ దగ్గర ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి మేయరు. పన్నెండో ఏడు వచ్చేదాకా తల్లే చదువు చెప్పింది. తర్వాత పారిస్ బడిలో చేరి, లెజాండ్ర్ రాసిన జ్యామితి పుస్తకం చదివి గణితంలో మునిగిపోయాడు. 1829లో తండ్రి చనిపోయాడు. అదే వేసవిలో ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రెండోసారి కూడా తప్పాడు.

1830లో ఫ్రెంచి సైన్సు అకాడమీకి ఒక వ్యాసం పంపాడు. దాన్ని చూడవలసిన ఫోరియర్ ఆ ఏడే మరణించాడు, వ్యాసం కనబడకుండా పోయింది. 1831లో మళ్లీ రాసి పంపాడు. వివరణ చాలదని అకాడమీ తిప్పికొట్టింది. ఆ ఏడే రాజుకు ఎదురుతిరిగినందుకు జైలుపాలయ్యాడు.

అతని ఆలోచన ఇది. వర్గం 2 అయ్యే సంఖ్యలు √2, -√2. వీటిని తారుమారు చేసినా మొత్తం 0, లబ్ధం -2 మారవు. ఇలా మూలాల మధ్య సంబంధాలు చెడకుండా చేయగల మార్పులన్నిటినీ కలిపి సమూహం అన్నాడు. ఆ సమూహం స్వభావాన్ని బట్టి సూత్రం కుదురుతుందో లేదో చెప్పవచ్చు. నేటి నైరూప్య బీజగణితానికి ఇది ఒక పునాది.

1832 మే 30న ఒక ద్వంద్వయుద్ధంలో గాల్వాకు తుపాకి గుండు తగిలింది. మర్నాడు చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లే. పోరుకు ముందు రాత్రి తన ఫలితాలన్నీ స్నేహితుడు షెవాలియేకు ఉత్తరంగా రాశాడు. ఆ స్నేహితుడు, గాల్వా తమ్ముడు కలిసి కాగితాలకు ప్రతులు రాసి గణితజ్ఞులకు పంపారు. 1846లో లియూవిల్ వాటిని అచ్చువేశాడు.

పిల్లలూ, జవాబు తెలిసినా మెట్లు వదలకుండా రాయండి. నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి సామాను కట్టేటప్పుడు, మీ పాత నోటుబుక్కులు పాతపేపర్లవాడికి వేసే ముందు ఒకసారి తిప్పి చూడండి.