పది అణాల సీసాతో పత్రికను పోషించిన పంతులుగారు

తలనొప్పి వస్తే అమృతాంజనం రాసుకోవడం తెలుగు ఇళ్లలో తాతముత్తాతల నాటి అలవాటు. ఆ పసుపు పచ్చని లేపనాన్ని తయారుచేసి దేశమంతటా అమ్మిన వ్యక్తి మన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామస్థుడని పెద్దలకు తెలుసు. ఆయనే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆంధ్రపత్రిక స్థాపకుడిగా, స్వాతంత్ర్య యోధుడిగా, దాతగా ఆయన పేరు చరిత్రకెక్కింది. అయితే పత్రికకూ దానాలకూ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. ఆయన ముందు వర్తకుడు. వర్తకం కుదురుకున్నాకే తక్కిన పనులన్నీ మొదలయ్యాయి. సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకోవాలనుకునే పల్లెటూరి యువకులకు, మహిళలకు ఆయన జీవితంలో నేర్చుకోదగిన విషయాలు ఎన్నో ఉన్నాయి.

ఎలకుర్రు నుంచి పట్టణానికి

నాగేశ్వరరావు గారు 1867 మే 1న బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించారు. చిన్నతనంలో చదువు స్వగ్రామంలో సాగింది. తరువాత బందరులో చదివారు. ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. కందుకూరి వీరేశలింగం గారి రచనలు చదివి ఆ రోజుల్లోనే సంఘ సంస్కరణ పట్ల అభిమానం పెంచుకున్నారు.

ఆ కాలంలో బి.ఎ. ప్యాసైన వారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. పట్టా చేతికి వస్తే సర్కారు కొలువుకో, ప్లీడరీకో పోవడం ఆనవాయితీ. చదువుకున్న బ్రాహ్మణ కుటుంబాల వారు దుకాణం పెట్టడం అరుదు. సరుకు తూచి అమ్ముకునే పనిని గౌరవంగా చూసేవారు తక్కువ. నాగేశ్వరరావు గారి మనసు మాత్రం వ్యాపారం మీదనే ఉండేది. మద్రాసులో కొద్ది రోజులు వ్యాపారం చేసి చూశారు. అది ఎంతో కాలం నిలవలేదు. దానితో నిరుత్సాహపడి ఇంటిదారి పట్టలేదు. వ్యాపారం పెద్ద ఎత్తున సాగే నగరాలకు వెళ్లి ఆ విద్య నేర్చుకోవాలనుకున్నారు.

జీతం తీసుకుంటూ నేర్చిన విద్య

ముందు కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో లోతుపాతులు తెలుసుకున్నారు. అక్కడి నుంచి బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీలో ఉద్యోగం చేశారు. పంతులుగారి వ్యాపార జీవితానికి ఓనమాలు దిద్దించింది ఈ రెండు నగరాలే.

అనుభవం లేకుండా అప్పు చేసి సరుకు నింపితే, తప్పు జరిగినప్పుడల్లా నష్టం సొంత జేబుకే. మరొకరి సంస్థలో పనిచేసే వానికి ఆ భయం ఉండదు. ముడిసరుకు ఏ ఋతువులో చవకగా దొరుకుతుంది, ఎవరికి అరువు ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వకూడదు, సరుకు కట్టే పద్ధతి ఏమిటి, రైల్లో పంపితే ఎంత దెబ్బతింటుంది, చిల్లర దుకాణదారుకు ఎంత మిగిలితే మన సరుకును ముందు వరుసలో పెడతాడు - ఇవన్నీ పుస్తకంలో దొరికే సంగతులు కావు. కొట్టులో నిలబడి కళ్లతో చూడాలి. నెలనెలా జీతం తీసుకుంటూ ఈ విద్య నేర్చుకునే అవకాశం ఉద్యోగంలో ఉంది. పంతులుగారు చేసింది అదే. ఇవాళ కిరాణా కొట్టు పెట్టదలచిన కుర్రవాడు ముందు ఆరు నెలలు పక్క ఊరి హోల్‌సేల్ దుకాణంలో పనిచేస్తే, ఆ ఆరు నెలలు వృథా కావు.

ఒక్క సరుకు, ఒక్క పేరు

1893లో పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరేళ్లు. పట్టా పుచ్చుకుని రెండేళ్లే అయింది.

ఆయన ఎంచుకున్న సరుకును గమనించాలి. తలనొప్పి, ఒళ్లునొప్పులు, జలుబు లేని ఇల్లు ఉండదు. కూలివానికీ వస్తాయి, జమీందారుకూ వస్తాయి. ఎండాకాలం, వానాకాలం తేడా లేదు. కర్పూరం, పుదీనా పువ్వు వంటి ఘాటైన ద్రవ్యాలు కలిసిన లేపనం కనుక పాలు, పండ్లలాగా రెండు రోజుల్లో చెడిపోదు. సీసా చిన్నది, బరువు తక్కువ. వంద సీసాలు ఒక పెట్టెలో పట్టించి ఎంత దూరమైనా పంపవచ్చు. కొన్నవాడికి నచ్చితే, సీసా అయిపోగానే మళ్లీ కొంటాడు. చిన్న పెట్టుబడితో మొదలుపెట్టేవానికి ఇంతకంటే అనువైన సరుకు దొరకడం కష్టం.

పేరు కూడా ఆలోచించి పెట్టినదే. అమృతం అన్నా, అంజనం అన్నా తెలుగువారికే కాదు, మరాఠీలకు, గుజరాతీలకు, బెంగాలీలకు కూడా అర్థమవుతుంది. చదువురాని వానికి పసుపు రంగు గుర్తు. మందుల అంగళ్లలో విదేశీ పేర్లు రాజ్యమేలుతున్న కాలంలో దేశవాళీ పేరుతో ఒక మందు బజారుకు వచ్చి నిలబడటం సామాన్య విషయం కాదు. స్వదేశీ ఉద్యమం ఊపందుకోవడానికి పన్నెండేళ్ల ముందు సంగతి ఇది.

ఉచితంగా ఇచ్చి అమ్మకం పెంచారు

మొదట్లో అమృతాంజనం సీసా ధర పది అణాలు. రూపాయికి పదహారు అణాల కాలమది. పది అణాలంటే కూలివానికి కొద్ది రోజుల కూలి. పేరైనా వినని మందుకు అంత డబ్బు ఎవరు పెడతారు? కొత్తగా సరుకు తయారుచేసే ప్రతివారికీ ఎదురయ్యే చిక్కే ఇది. సరుకు మంచిదని తయారుచేసినవానికి తెలుసు. కొనేవానికి ఎలా తెలుస్తుంది?

పంతులుగారు దీనికి కనిపెట్టిన ఉపాయం నేటికీ చెప్పుకుంటారు. సంగీత కచేరీలు జరిగే చోట్లకు వెళ్లి, వచ్చినవారికి అమృతాంజనం ఉచితంగా పంచిపెట్టారు. కచేరీకి వందల మంది వస్తారు. గంటల తరబడి కూర్చుంటారు. వారిలో తలనొప్పి ఉన్నవారు అక్కడికక్కడే రాసుకుని చూస్తారు. గుణం కనిపిస్తే పక్కవారికి చెబుతారు. ఇంటికి వెళ్లి ఇరుగుపొరుగుకు చెబుతారు. అంగడికి వెళ్లి పేరు పెట్టి అడుగుతారు. నలుగురు అలా అడిగితే దుకాణదారు తానే సరుకు తెప్పించుకుంటాడు.

అయితే ఉచితంగా పంచడంలో ఒక షరతు ఉంది. సరుకులో పస ఉండాలి. నాసిరకం సరుకును పంచితే చెడ్డపేరు కూడా అంతే వేగంగా పాకుతుంది. మొదటి సీసాకు, వెయ్యో సీసాకు ఘాటులో, రంగులో, తూకంలో తేడా రాకూడదు. ఇంట్లో పచ్చళ్లు, అప్పడాలు చేసి అమ్మే పొదుపు సంఘాల మహిళలకు ఈ సంగతి అనుభవమే. మొదటి డబ్బా రుచి చూసి రెండో డబ్బా కొన్న ఇల్లాలు, ఉప్పు కాస్త ఎక్కువైతే మూడోసారి రాదు.

అమృతాంజనం అమ్మకాలు క్రమంగా పెరిగి పంతులుగారు లక్షాధికారి అయ్యారు. ఆ పేరు బొంబాయి ప్రాంతంలో ఎంతగా నాటుకుపోయిందంటే, పూణె దారిలో ఖండాలా కనుమ వద్ద ఉన్న ఒక పాత వంతెనను జనం అమృతాంజనం వంతెన అనే పిలిచేవారు. దానిపై ఆ మందు ప్రకటన ఉండటమే కారణం. బ్రిటిష్ వారి కాలపు ఆ వంతెనను 2020లో కూల్చివేశారు.

లాభం ఎటు పోయింది?

డబ్బు చేరాక మనిషి నడత తెలుస్తుంది. పంతులుగారు 1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభకు వెళ్లారు. తెలుగు ప్రజలకు దేశ రాజకీయాలు తెలియజెప్పే పత్రిక అవసరమని భావించి, 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. మిల్లుల్లో, కట్టడం పనుల్లో బతుకుతున్న తెలుగువారు ఆ నగరంలో అప్పటికే ఎందరో ఉన్నారు. 1914లో మద్రాసుకు తరలివచ్చి ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించారు. 1924లో భారతి సాహిత్య మాసపత్రిక వచ్చింది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి మంచి పుస్తకాలను చవక ధరకు అచ్చువేయించారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో మరణించడంతో నిలిచిపోయిన విజ్ఞాన సర్వస్వం పనిని కూడా తన భుజాన వేసుకున్నారు. గ్రంథాలయాలకు, సాయం కోరి వచ్చినవారికి ఆయన ఇచ్చినదానికి లెక్కలేదు. అందుకే జనం ఆయనను విశ్వదాత అన్నారు.

పత్రిక నడపడం ఏనుగును మేపడం వంటిది. కాగితం, సిరా, అచ్చు యంత్రాలు, జీతాలు, తపాలా - ఇలా ఖర్చుకు అంతు ఉండదు. పైగా సర్కారును విమర్శించే పత్రికకు జామీను భయం ఎప్పుడూ ఉండేది. అలాంటి పత్రికను జమీందారుల ముందు చేయి చాచకుండా నడపగలిగారంటే వెనుక అమృతాంజనం ఆసరా ఉండబట్టే. ఆ వ్యాపారం దెబ్బతిని ఉంటే పత్రిక గొంతు కూడా మూగపోయేది. ఇటు పత్రికలో, భారతిలో వెలువడిన ప్రకటనలు అమృతాంజనం పేరును తెలుగు పల్లెలకు చేర్చాయి. ఒకదానికొకటి ఊతమైన రెండు సంస్థలవి.

ఇక్కడ పల్లె వ్యాపారులు గ్రహించవలసిన సూత్రం ఒకటి ఉంది. విత్తనాల గింజలు వండుకు తిన్న రైతు మరుసటి కారుకు చేయి చాచవలసిందే. వ్యాపారంలో పెట్టుబడి విత్తనం వంటిది, లాభం పంట వంటిది. పెళ్లికైనా, పండుగకైనా, దానానికైనా పంటలోంచే తీయాలి. గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభమే అనుకుని ఖర్చుపెట్టి మూతపడిన దుకాణాలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. సరుకు ఇచ్చినవానికి కట్టవలసింది, మళ్లీ సరుకు కొనడానికి కావలసింది తీసి పక్కన పెట్టాకే మిగిలింది మన సొమ్ము. ఇంటి లెక్క, కొట్టు లెక్క వేర్వేరు పుస్తకాల్లో రాస్తే ఈ తేడా తెలుస్తుంది. పంతులుగారు ఇచ్చిన దానాలు ఎన్నో. అన్ని ఇచ్చినా అమృతాంజనం తయారీ ఆయన కాలంలో ఆగిపోలేదు.

మనిషి పోయినా సంస్థ నిలిచింది

పంతులుగారికి ప్రజాజీవితంలో తీరిక తక్కువ. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షులుగా కొన్నేళ్లు పనిచేశారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికకు మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగే వేదిక.

ఇన్ని బాధ్యతల నడుమ 1936లో ఆయన వ్యాపారం అమృతాంజనం లిమిటెడ్ అనే కంపెనీగా మారింది. ఈ మార్పు పైకి చిన్నదిగా కనిపించినా దాని ఫలితం చాలా పెద్దది. సొంత పేరుమీద నడిచే వ్యాపారం యజమానితో పుట్టి యజమానితో పోవచ్చు. ఆయన మంచాన పడితే కొట్టు మూతపడుతుంది. కన్ను మూస్తే అప్పులవాళ్లు, వారసులు గుమ్మంలో నిలబడతారు. కంపెనీకి అలా కాదు. దానికి వేరే లెక్కలు, వాటాదారులు, డైరెక్టర్లు ఉంటారు. మనిషి మారినా సంస్థ సాగుతుంది.

రెండేళ్లు తిరగకుండానే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు కన్నుమూశారు. ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రిక బాధ్యతలు చేపట్టి దశాబ్దాల పాటు నడిపారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం మాత్రం నేటికీ పల్లెల్లోని బడ్డీ కొట్లలో సైతం దొరుకుతోంది. మద్రాసు మైలాపూరులో ఆయన పేరిట ఒక పార్కు ఉంది.

కిరాణా కొట్టుకు కంపెనీ హోదా అక్కరలేదు. కాని యజమాని పది రోజులు ఊళ్లో లేకపోయినా కొట్టు నడిచే ఏర్పాటు అవసరం. సరుకు ఎక్కడ కొంటున్నదీ, ఎవరు ఎంత బాకీ ఉన్నదీ భార్యకో, కొడుకుకో, కూతురుకో తెలిసేటట్టు పుస్తకంలో రాసి ఉంచడమే అందుకు మొదటి మెట్టు. ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక కలం. ఎలకుర్రు నుంచి బయలుదేరిన యువకుడు కలకత్తా, బొంబాయి తిరిగి నేర్చుకున్న విద్యలో ఈ భాగాన్ని ఏ ఊళ్లోనైనా, ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.